వాపసు చేపల గోలెం

మా బావ కృపానందానికి భయం లేని వస్తువు ఈ లోకంలో ఏదైనా ఉందా అని నేనూ మా అక్క ఎస్తేరూ ఒకసారి పనిగట్టుకుని వెతికాం. దొరకలేదు. కుక్కంటే భయం. పోలీసంటే భయం. పోస్ట్‌మాన్ వీధి మలుపు తిరిగితే ఎవరి చావు కబురు తెచ్చాడోనని భయం. అన్నం తింటూ నవ్వితే పొలమారుతుందని భయం కాబట్టి కంచం ముందు నవ్వేవాడే కాదు. చర్చిలో పాస్టరుగారు నరకం మాట ఎత్తితే చాలు, జేబురుమాలు తీసి మెడ తుడుచుకునేవాడు. ఆ నరకాన్ని ప్రత్యేకంగా తన ఒక్కడి కోసమే కట్టించారని ఆయన నమ్మకం.

నేను బామ్మర్దిని. ఏడిపించడం నా హక్కు. ఏడిపించాను కూడా, ఎక్కడా తక్కువ చేయలేదు. "బావా, నీ నీడ చూసి నువ్వే ఉలిక్కిపడ్తవ్" అంటే, "అవు సుందర్, మొన్న అట్లనే అయింది" అని నిజాయితీగా ఒప్పుకునేవాడు. అట్లాంటి మనిషిని ఎంతసేపని ఏడిపిస్తారు?

వరంగల్ స్టేషన్ రోడ్డులో ఆయనది పటాలు కట్టే దుకాణం. ఏసు ప్రభువుకూ, వేంకటేశ్వరుడికీ, మక్కా మసీదుకూ, పెళ్ళి ఫొటోలకూ ఆయనే అద్దాలు కోసి చట్రాలు బిగించేవాడు. యాభై ఎనిమిది ప్రాంతంలో కాజీపేట రైల్వే బంగళా నుంచి ఒక ఆఫీసరు వచ్చి, చేపలు పెంచుకోవడానికి గాజు తొట్టి చేసిస్తావా అని అడిగాడు. కాదంటే ఆఫీసరు ఏమంటాడోనని భయపడి బావ ఒప్పుకున్నాడు. ఇనుప చట్రానికి నాలుగు వైపులా అద్దాలు పెట్టి, సందుల్లో మక్కు కూరి, చుక్క నీరు కారకుండా చేసిచ్చాడు. ఆ తొట్టిని చూసి పక్క బంగళా వాళ్ళు అడిగారు. వాళ్ళను చూసి హన్మకొండ వకీళ్ళు అడిగారు. కొన్నాళ్ళకు దుకాణంలో సగం పటాలు, సగం చేపలు అయ్యాయి. ఆ చేపలు హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చేవి. ఎర్రవి, చారలవి, బొగ్గులా నల్లనివి.

కొనేటప్పుడు అందరికీ ముచ్చటే. నెల తిరిగేసరికి నీళ్ళు మార్చడం చేతకాక, వాసన భరించలేక, లేదా ఆ ఊరి నుంచి బదిలీ అయ్యి, "ఇగో కృపానందం, నీ చేపలు నువ్వే తీస్కో" అని తెచ్చి గల్లాపెట్టె ముందు పెట్టేవాళ్ళు. ఇంకో వ్యాపారస్తుడైతే చేతులెత్తి దండం పెట్టి పంపించేవాడు. మా బావ తీసుకునేవాడు.

"ఎందుకు తీస్కుంటవ్ బావా, నీకేమన్న పిచ్చా?" అని అడిగాను.

"తీస్కోకపోతె మురికి మోరీల పోస్తరట సుందర్. మొన్న ఒకాయన నా ముంగటనె అన్నడు. రేపు దేవుడు నన్నడుగుతడు."

"పోసినోన్ని అడుగుతడు గాని నిన్నెందుకడుగుతడు?"

"తెలిసి ఊకున్నందుకు నన్నడుగుతడు" అన్నాడు, ఆ అడిగే గొంతు అప్పటికే వినిపిస్తున్నట్టు మొహం పెట్టి.

అట్లా వాపసొచ్చిన చేపలకు దుకాణం వెనకే ఉన్న ఇంటి వసారాలో ఒక పెద్ద మట్టి గోలెం ఉండేది. బయటి ఇళ్ళలో పెరిగిన చేపలు ఏ రోగం మోసుకొస్తాయో తెలియదు. వాటిని తెచ్చి కొత్త చేపల్లో కలిపితే తెల్లారేసరికి అన్నీ తేలతాయి. అందుకని కొన్నాళ్ళు గోలెంలో విడిగా ఉంచేవాడు. ఆ నీళ్ళలో చిటికెడు మైలుతుత్తం వేసేవాడు. పటాలు అతికించే మైదా జిగురుకు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. నీలంగా మెరిసే పలుకులు, కడుపులోకి పోతే విషం. పురుగును చంపేది రోగాన్ని కూడా చంపుతుందని ఆయనకు ఎవరో చెప్పారు, లేదా ఆయనకే తోచింది. చేపలు బాగుపడ్డాక మంచినీళ్ళలోకి మార్చి, కొన్నాళ్ళు చూసి, కావాలన్న వాళ్ళకు ఊరికే ఇచ్చేసేవాడు. బడిలో పిల్లలకు చూపించడానికి పంతుళ్ళు తీసుకుపోయేవాళ్ళు. బావిలో దోమపిల్లలను తింటాయని కొందరు పట్టుకుపోయేవాళ్ళు.

ఇదంతా ఆయన ఒక్కడి పని. మా అక్కకు చెప్పిందల్లా, "గోలెంలయి ఎవ్వలకు అమ్మకు" అని. ఇంట్లో తాగే నీళ్ళ కుండకు రెండు బారల దూరంలో తుత్తం కలిపిన గోలెం ఉందని తెలిస్తే అక్క దాన్ని పగలగొడుతుందని భయం. కాబట్టి తుత్తం సంగతి చెప్పలేదు. వసారాలో వెలుతురు తక్కువ, మట్టి గోలెం లోపల నల్లగా ఉంటుంది, నీళ్ళ నీలం ఎవరికీ కనిపించదు.

అరవై రెండో అరవై మూడో, ఆ ఏడు మిరుగం నాడు జరిగింది నేను చెప్పేది. మిరుగం అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. ఆ రోజు మా వైపు చేప తినని ఇల్లు ఉండదు. కాజీపేట గూడ్సు ఆఫీసులో సెలవు పెట్టి నేను అక్క చేతి చేపల పులుసు తినడానికి వచ్చాను. అక్క పొయ్యి దగ్గర ఉంది, బావ చెక్క చట్రానికి మేకులు కొడుతున్నాడు.

"పొద్దుగాల ఒక ముసలవ్వొచ్చింది, పాపం" అంది అక్క, ఉల్లిగడ్డలు కోస్తూ. "కొత్తవాడల ఉంటదట. మనుమరాలికి ఉబ్బసమట, ఇయ్యాల మందు మింగిపియ్యాల్నట. బజార్ల ఒక్క కొర్రమీను పిల్ల దొరకలేదని ఏడ్సింది. జర పాణం కొట్టుకుంది నాకు. నల్ల చేపనొకదాన్ని ఇచ్చి పంపిన."

ఉబ్బసం మందు సంగతి మా వైపు అందరికీ తెలుసు. మిరుగం నాడు బతికున్న చిన్న చేప నోట్లో మందు పెట్టి, ఆ చేపను రోగి గొంతులో వేస్తారు. హైదరాబాద్ దాకా పోలేని వాళ్ళకు ధర్మసాగర్ దారిలో ఒక పల్లెలో ఒక పెద్దాయన ఇచ్చేవాడు. మందు ఆయనది, చేప మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. వేలెడంత నల్లటి కొర్రమీను పిల్ల కావాలి. ఆ ఏడు ఎండలకు చెరువులు నెర్రెలిచ్చి చేపపిల్లలు దొరకలేదు.

బావ సుత్తె ఆగిపోయింది.

"ఏ తొట్టిలకెల్లి ఇచ్చినవ్?"

"ముంగటి తొట్టిలల్ల నల్లయి యాడున్నయి? ఎనక గోలెంలకెల్లి ఇచ్చిన. ఆ రైలు గార్డు డోర్నకల్‌కు బదిలై పోతా ఇచ్చిండు గద, అండ్లది. అమ్మొద్దన్నవ్ గాని ఇయ్యొద్దని అన్లేదు గదా. నేను పైస తీస్కోలేదు."

బావ లేచి వసారాలోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. గోలెంలో చెంబు ముంచి, ఆ నీళ్ళను వెలుతురులోకి తెచ్చి ఒక తెల్ల పింగాణీ గిన్నెలో పోశాడు. నీళ్ళు నీలంగా ఉన్నాయి. లేత నీలం కాదు, కంటికి కొట్టొచ్చేంత నీలం.

నోరు తెరిచాడు, మాట రాలేదు. భయం మితిమీరితే ఆయనకు గొంతు పూడుకుపోతుంది. నేను భుజాలు పట్టుకుని కుదిపాను.

"నిన్న ఒక చేపకు తెల్ల మచ్చలు గనపడ్డయ్" అన్నాడు చివరికి. "అన్నిట్కి అంటుకుంటదేమోనని భయమై, తెల్లారగట్ల ఎక్కువేశిన. ఎక్కువంటె... పిడికెడు."

"ఒక్క చేప కడుపుల ఎంతుంటది బావా? ఏం గాదు."

"చేపతోని అయిపోదు సుందర్. చేపను మింగినంక గొంతు దిగనీకి చేపను తీస్కపోయిన చెంబుల నీళ్ళే తాపిస్తరు."

కత్తిపీట ముందు అక్క చేతిలో ఉల్లిగడ్డ అట్లాగే ఉంది. "పెద్ద చెంబు తెచ్చింది" అంది మెల్లగా. "చేపకు నీళ్ళు తక్కువైతయని నేనే నిండ పోసిన, గోలెం నీళ్ళే." ఆ తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని గోడకు చేరగిలబడింది. నాకు అప్పుడు భయం వేసింది. అప్పటిదాకా బావ భయపడితే నవ్వు వచ్చేది నాకు, ఆయన భయపడినవేవీ ఎన్నడూ జరగలేదు కాబట్టి.

సైకిల్ తీశాను. బావ వెనక కారియర్ మీద కూర్చున్నాడు. మామూలుగా అయితే లారీ ఎదురొస్తే దిగి పక్కన నిలబడే మనిషి. ఆ రోజు నా చొక్కా రెండు చేతులతో పట్టుకుని, "తొక్కు, జర గట్టిగ తొక్కు" తప్ప ఇంకో మాట లేదు.

కొత్తవాడలో ఉబ్బసం ఉన్న పిల్ల ఇల్లు అడిగితే వెంటనే చూపించారు. ఇంట్లో పిల్ల తండ్రి ఒక్కడే ఉన్నాడు, పేరు బాలకిషన్. మగ్గం మీద జంపఖానా నేస్తున్నాడు. ఎర్రచారా నల్లచారా సగం దాకా వచ్చింది. మమ్మల్ని చూసి, చేపల దుకాణం ఆయనని తెలిసి, మగ్గం దిగి వచ్చి బావ చేతులు పట్టుకున్నాడు.

"మీ ఇంటామెకు పుణ్యముంటది సారూ. చేప దొరకక మా అవ్వ నిన్నటి సంది అన్నం ముట్టలే. మా లక్ష్మి రాత్రయితె పండుకోదు, కూసోనే ఉంటది. ఎనుక నుంచి నేను పట్టుకోని కూసుంట. తల్లి లేని పోరి. ఇయ్యాల్టితోని దాని గోస తీరుతదని మొదటి బస్సుకే పోయిన్రు."

బావ పెదవులు కదిలాయి. "ఏ... ఏం గౌనేస్కున్నది?"

బాలకిషన్‌కు నవ్వొచ్చింది. "కనకాంబరం రంగుది. కొత్తది. ఎందుకు సారూ?"

బావ వెనక్కి తిరిగి దాదాపు పరుగెత్తాడు. సందు మలుపు దాటాక నేను సైకిల్ ఆపి తిట్టాను. "చెప్పకపోతివేంది? తండ్రి గదా, చెప్పొద్దా?"

"చెప్తె ఆయన ఈన్నే కూలబడ్తడు. ఆయన్ని లేపుకుంట కూసుంటె ఆడ పిల్ల మింగేస్తది" అన్నాడు. "పో సుందర్, పో."

హన్మకొండ దాటాం, కాజీపేట దాటాం. దారిలో ఒక రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి వచ్చింది. ఆ డబ్బాలు రోజూ నా చేతి మీదుగా పోయేవే, కానీ ఆ రోజు వాటికి చివర అనేది లేదేమో అనిపించింది. బావ గేటు కడ్డీని పట్టుకుని నిలబడ్డాడు. ఎండకు కాలిన ఇనుము, ఆయనకు తెలిసినట్టే లేదు.

"ఈపాటికి మింగి ఉంటదా?" అన్నాడు.

"లైను పెద్దగుంటది బావా. మధ్యాన్నం దాక సాగుతది."

"మింగి ఉంటె ఏం జెయ్యాలె?"

"ప్రార్థన చేస్కో" అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

"చేస్కుంటలేను. దేవుడు యాదికొస్తె ఇంక భయమైతాంది."

గేటు లేచాక ఎత్తు మొదలైంది. నా పిక్కలు పట్టేశాయి. బావ దిగి సైకిల్ వెనక నుంచి తోస్తూ పరుగెత్తాడు. ఒక పల్లెలో కుక్కలు మీద పడ్డాయి. ఆయన ఒక్కసారి వణికాడు, కానీ ఆగలేదు, నన్ను ఆగనివ్వలేదు. కుక్క పంచె అంచు పట్టుకుంటే అంచు చిరిగింది. మామూలు రోజైతే ఆ పంచె సంగతి ఏడాది చెప్పేవాడు.

పల్లె చివర మామిడితోటలో జనం. ఎడ్లబండ్లు, గుడారాల్లా కట్టిన దుప్పట్లు, దగ్గే ముసలివాళ్ళు, ఏడ్చే పిల్లలు. అందరి చేతుల్లోనూ చెంబులో, ముంతలో, గాజు సీసాలో ఉన్నాయి. తోట మధ్యలో ఒక పందిరి, దాని కింద తెల్ల తలపాగాతో పెద్దాయన. లైను పాములా మెలికలు తిరిగి ఉంది. నేను సైకిల్ బండ్ల దగ్గర పడేసేలోపే బావ ముందుకు వెళ్ళిపోయాడు.

ఆయనకు ఆ ముసలవ్వ మొహం తెలియదు, పిల్ల మొహం తెలియదు. ఆ అవ్వ పేరు రాములవ్వ అని కూడా మాకు తర్వాతే తెలిసింది. కనకాంబరం రంగు గౌను కోసం చూస్తూ, ఆ రంగు కనిపించని చోట చెంబుల్లోకి తొంగి చూస్తూ లైను వెంట పోతున్నాడు. జనానికి అనుమానం వచ్చింది.

"ఎవలయ్య నువ్వు? చెంబులల్లకు తొంగి సూత్తానవేంది? దిష్టి పెడ్తానవా?"

"లైన్ల రా! అందరు పొద్దటి సంది నిలబడ్డరు!"

ఒకడు రెక్క పట్టి లాగాడు. బావ విదిలించుకుని ముందుకు పోయాడు. పదిమందిలో గొంతెత్తి మంచినీళ్ళు కూడా అడగలేని మనిషి. నాకు జనం అడ్డం, నేను తోసుకుంటూ వెళ్తున్నాను. అప్పుడు నాకూ కనిపించింది. పందిరి కింద, అందరికంటే ముందు, కనకాంబరం రంగు గౌనులో సన్నటి పిల్ల. వెనక నుంచి దాని తల పట్టుకుని ఒక ముసలమ్మ. కింద లోపలంతా నల్లబడ్డ ఇత్తడి చెంబు. పెద్దాయన చేతిలో నల్లటి చేప. మందు ముద్దను అప్పటికే చేప నోట్లో పెట్టేశాడు. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది.

"ఆపున్రి! విషం! ఆపున్రి!" అని నేను అరిచాను. నా చుట్టూ ఉన్న నలుగురికి తప్ప ఎవరికీ వినిపించలేదు. వాళ్ళు నన్నే మీద పడి తిట్టారు.

బావ పెద్దాయనకు చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉన్నాడు. ఆయన నోరు తెరిచే ఉంది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. అరుస్తున్నాడు, నేను చూస్తూనే ఉన్నాను, కానీ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. చేప పిల్ల పెదవుల దాకా వచ్చింది.

బావ ఎగిరి ఆ చేపను లాక్కున్నాడు. లాక్కుని తన నోట్లో వేసుకుని మింగేశాడు. ఆ ఊపులోనే కాలితో చెంబును తన్నాడు. అది దొర్లి నీళ్ళన్నీ మట్టిలో ఇంకిపోయాయి.

ఆ తర్వాత రాములవ్వ అరుపు. "నా మనుమరాలి మందు మింగిండు! అయ్యో, నా బిడ్డ మందు మింగిండు వీడు!" రెండు చేతులతో ఆయన ఛాతీ మీద గుద్దడం మొదలుపెట్టింది. ఎవరో వెనక నుంచి చెంప మీద కొట్టారు. "ఉబ్బసం ఉంటె లైన్ల నిలబడాలె గాని పసిపోరి నోటికాడిది గుంజుకుంటవారా?" ఇంకో దెబ్బ. బావ చేతులు అడ్డం పెట్టుకోలేదు. పొట్ట పట్టుకుని నిలబడ్డాడు, కళ్ళు పెద్దవి చేసుకుని, తన లోపల ఏదో జరగడం వింటున్నట్టు.

నేను వాళ్ళ మధ్యలోకి దూరాను. నాకు కోపం వస్తే గొంతు మూతపడదు. "కొట్టకున్రి! ఆ చేప మైలుతుత్తం నీళ్ళల్లది. మా అక్క తెల్వక ఇచ్చింది. ఆ నీళ్ళు గిన పిల్ల తాగితె సచ్చిపోతుండె!"

మైలుతుత్తం అన్న మాట రాములవ్వకు ఎవరూ విప్పి చెప్పాల్సిన పని లేదు. కొత్తవాడలో రంగుల అద్దకానికి వాడతారు. దాని జోలికి పోవద్దని పిల్లలను కొట్టి మరీ భయపెడతారు. గుద్దుతున్న చేతులు అట్లాగే ఆయన చొక్కా మీద ఆగిపోయాయి. గబుక్కున పిల్లను దగ్గరికి లాక్కుని, నోరు తెరిపించి, వేలు పెట్టి నాలుక కింద దాకా తడిమింది.

"నీళ్ళు గిన తాగినావే? సెప్పు బిడ్డా, తాగినావే?"

"తాగలే" అంది లక్ష్మి.

ముసలామె మట్టిలో కూర్చుండిపోయింది. పిల్లను ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆ పిల్లకు ఆయాసం మొదలైంది.

ఎవరో ఉప్పు కలిపిన నీళ్ళు తెచ్చారు. బావ చేత ముంతెడు తాగించి తోట గట్టు దగ్గరికి తీసుకుపోయాను. వాంతిలో చేప పడింది. ఇంకా కాస్త కదులుతోంది. బావ కంచె గుంజ పట్టుకుని నిలబడి, కాలితో మట్టి లాగి దాన్ని పూర్తిగా కప్పేశాడు, మళ్ళీ ఇంకొంత లాగి కప్పాడు. ఆ టైములో అదేం పనో నాకు అర్థం కాలేదు. "నడు, దవాఖానకు పోదాం" అని లాగాను. కడుపులో మంట అంటున్నాడు, చెమటలు కారిపోతున్నాయి.

పందిరి దగ్గర పెద్దాయన రాములవ్వకు ధైర్యం చెప్తున్నాడు. మందుకు తక్కువ లేదు, ఇంకో చేప తెచ్చుకోమన్నాడు. ఆ పూట ఇంకో చేప ఎక్కడ దొరుకుతుంది? లైనులో ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన ఒకామె ముందుకొచ్చి తన గాజు సీసా చూపించింది. "దారిల ఒకటి సస్తదేమోనని రెండు తెచ్చిన. నా కొడుక్కు ఒకటి సాలు. తీస్కో అవ్వా."

చేప దొరికింది, కానీ లక్ష్మి నోరు తెరవడం లేదు. పళ్ళు బిగపట్టింది. అవ్వ బతిమిలాడింది, పెద్దాయన బుజ్జగించాడు, ఎవరో గదమాయించారు. పిల్ల అవ్వ కొంగు వెనకకు దూరి ఒగరుస్తోంది. పెద్ద మనిషి ఒకడు అట్లాంటి చేపే మింగి పడిపోయేటట్టున్నాడని కళ్ళతో చూసిన పిల్ల. ఎట్లా తెరుస్తుంది?

బావ నా చెయ్యి విడిపించుకున్నాడు.

"బస్సొచ్చే టైమైంది బావా! నీ సంగతి సూస్కో!"

ఆయన వినలేదు. వెళ్ళి పిల్ల ముందు మట్టిలో కూర్చున్నాడు. పిల్ల ఆయన్ని చాలాసేపు చూసింది.

"నువ్వు మింగినవ్ గదా" అంది. "నీకేమన్నయిందా?"

"భయమైంది" అన్నాడు. గొంతు తిరిగి వచ్చింది.

"నాగ్గూడ అయితాంది."

"ఇది మంచి చేప. నీలం నీళ్ళల్లది గాదు. నేను సూసిన. నాకంటె ఎక్కువ భయపడేటోళ్ళు ఈడ ఎవ్వలు లేరు, నేనే సూసినంక ఇంక ఫికర్ లేదు."

పిల్ల ఆ మాటను కాసేపు తూచుకుంది. తర్వాత ఆయన బొటనవేలు పట్టుకుంది. బావ తన నోరు పెద్దగా తెరిచాడు, చిన్నపిల్లలకు అన్నం పెట్టేటప్పుడు తల్లులు తెరిచినట్టు. లక్ష్మి కూడా తెరిచింది. చేప లోపలికి పోయింది. ఏటూరునాగారం ఆమె తన సీసాలోని నీళ్ళే తాగించింది. పిల్ల దగ్గి, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, మింగింది. ఆ మందు పిల్లకు ఎంత పనిచేసిందో నేను చెప్పలేను, నేను వైద్యుణ్ణి కాను.

బస్సులో మేం నలుగురం వెనక సీటులో కూర్చున్నాం. బావ ఆ రోజు చచ్చిపోలేదని ఇక్కడే చెప్పేస్తున్నాను. దవాఖానలో కడుపు కడిగారు, మంచం మీద పడి లేచాడు, తర్వాత చాలా ఏళ్ళు బతికాడు, ప్రతిరోజూ ఏదో ఒకదానికి భయపడుతూనే. కానీ ఆ బస్సులో ఆ సంగతి మాకెవరికీ తెలియదు. ఆయన మొహం పాలిపోయింది. చేతులు చల్లగా ఉన్నాయి. ప్రతి గుంతకూ పొట్ట పట్టుకుని, "సుందర్, గోలెంను అక్కను ముట్టుకోనియ్యకు. చేపల్ని మోరీల పొయ్యనియ్యకు" అని అప్పగింతలు పెడుతున్నాడు. నేను ఏడుస్తున్నాను. ఏడుస్తూనే తిడుతున్నాను, నాకు ఇంకేం చేతకాలేదు.

రాములవ్వ కాజీపేట దాకా ఆయన చెంప మీద వాపు వైపు, చొక్కాకు తెగిన గుండీల వైపు చూస్తూ ఉంది. తర్వాత అడిగింది.

"కొడుకా, నీళ్ళు కాలుతోని తన్నినవ్. చేపను గూడ గట్లనే కింద పడేస్తె అయిపోతుండె గదా. ఎందుకు మింగినవ్?"

బావ పొట్ట మీది చెయ్యి తీయకుండానే చెప్పాడు.

"నీళ్ళు భూమి తాగుతదవ్వా, మళ్ళ ఎవ్వలు ఎత్తుకోలేరు. చేప గట్ల గాదు గదా. కింద పడేస్తె, అయ్యో మందు పెట్టిన చేప అని ఎవలన్న ఎత్తి, కడిగి, మళ్ళ పిల్ల నోట్లె పెడ్తరేమోనని భయమైంది. నాకు మాట రాకపాయె. ఇంకేడ పెట్టాల్నో తెల్వలే."

నేను తిట్టడం ఆపేశాను. రాములవ్వ లక్ష్మిని తన ఒడిలోంచి లేపి మా బావ ఒడిలో కూర్చోబెట్టింది.